ఆరో నంబరు గదిలో అరటికాయలు

ఆగస్టు 3

ఇది నిజానికి డైరీ కాదు. మా పళ్ళ పరిశోధన కేంద్రంలో పారేయడానికి మూలన పడేసిన పాత రిజిస్టరు. రోజు, ట్రే నంబరు, రంగు, బరువు, రిమార్కులు అని గళ్ళు గీసి ఉన్నాయి. మొదటి నాలుగు పేజీల్లో ఎవరో జామకాయల గురించి రాసి ఆపేశారు. జామకాయలు కుళ్ళిపోయి ఉంటాయి, లేదా రాసినవాళ్ళకి బదిలీ అయి ఉంటుంది. రెండూ మా దగ్గర మామూలే.

యాభై ఏళ్ళు వచ్చాక ఇప్పుడు కలం పట్టడం ఎందుకంటే, నన్నందరూ నోట్లో నాలుక లేని మనిషి అంటారు. నాలుక ఉంది. నిన్న కోడలి ముందు అది బయటికి రాబోతే పళ్ళ మధ్య పట్టుకుని ఆపాను. రోజూ ఇలాగే ఆపుతూ పోతే మిగలదేమోనని భయం వేసి, ఇక్కడ వదులుతున్నాను.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. బాబుకి దగ్గు తగ్గట్లేదు. ఇంట్లో అగరువత్తులు వెలిగించడం ఆపేయండి" అంది.

ఏమీ అనుకోవద్దని ముందే చెప్పింది కాబట్టి ఏమీ అనుకోలేదు. "సరేనమ్మా" అన్నాను. ఈ ఇంట్లో నా మాటకి ఎదురు లేదు, ఆ మాట "సరే" అయినంత కాలం.

మా అబ్బాయి పేపరు చాటు నుంచి "డాక్టరే చెప్పాడమ్మా" అన్నాడు. ఆ పేజీ నిండా టెండరు ప్రకటనలే. అంత శ్రద్ధగా చదివాడు.

మా ఆయన పోయిన ఈ ఆరేళ్ళలో పొద్దున్నే ఒక వత్తి వెలిగించి దేవుడితో నాలుగు మాటలు చెప్పుకోవడం తప్ప నాకు వేరే వ్యసనం లేదు. వత్తి లేకుండా దణ్ణం పెట్టుకుంటే కట్టయిపోయిన ఫోన్లో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకని దేవుడి పటాన్ని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకొచ్చేశాను. ఆరో నంబరు గది తాళం నా దగ్గరే ఉంటుంది. కిటికీ గట్టు మీద పెట్టాను. దేవుడికి కూడా ఒక ఉద్యోగం దొరికింది.

ఆగస్టు 4

అరటి గెలలు వచ్చాయి. చిన్న మేడమ్ ప్రయోగం ఇవాళ మొదలైంది.

పళ్ళు చెట్టు నుంచి కోసిన తర్వాత, ఫ్రిజ్జులో పెట్టకుండా మామూలు గదిలో ఎన్నాళ్ళు నిలవుంటాయో చూడటమే మా పని. ఇరవై రెండేళ్ళుగా నేను పళ్ళు పాడవడాన్ని కళ్ళారా చూసి, సంతకం పెట్టి, జీతం తీసుకుంటున్నాను. ఇలాంటి ఉద్యోగం ఇంకెవరికీ ఉండదు.

చిన్న మేడమ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. ఏదో చెట్టు జిగురుతో ఒక పూత తయారు చేసింది. చూడటానికి గంజిలా ఉంటుంది. మామూలు అరటికాయ కోసిన వారం, తొమ్మిది రోజుల్లో రంగు తిరుగుతుంది. ఈ పూతలో ముంచి ఆరబెడితే ఇరవై రోజులు ఆకుపచ్చగా ఉండాలి. ఉంటే సెప్టెంబరు ఇరవై రెండున కమిటీ వాళ్ళు చూసి ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే ముప్పయ్యో తారీఖున ఇంటికి. అంతే సంగతి.

గెలల నుంచి విడదీసిన హస్తాల్లో ముప్ఫై పూత వేసినవి, ముప్ఫై వెయ్యనివి. అన్నిటికీ నంబర్లు అంటించాను. రంగు చూసుకోవడానికి అట్ట ఒకటి ఉంది. ఒకటి అంటే ముదురు ఆకుపచ్చ. ఏడు అంటే మచ్చలు పడ్డ పసుపు.

"ఆంటీ, ఈ గదిలోకి వేరే పళ్ళు తేవద్దు. ఫినాయిల్ వద్దు, సెంటు వద్దు, వాసన వచ్చేది ఏదీ వద్దు. కిటికీ మూసే ఉంచండి" అంది చిన్న మేడమ్.

తల ఊపాను. దేవుడు పండు కాదు కదా.

పెద్ద సారు వచ్చి ట్రేలన్నీ ఒకసారి చూశారు. "ఏమ్మా, నీ కాయలు నా రిటైర్మెంటు దాకా ఉంటాయా?" అన్నారు. ఆయనకి ఇంకా పదకొండేళ్ళు ఉంది. ఆయన జోకులకి నవ్వడం కూడా మా సర్వీసు నిబంధనల్లో ఉందేమో, అందరం నవ్వాం.

ఆగస్టు 5

రంగు ఒకటి. అరవైకి అరవై ఒకటే.

ఎనిమిదిన్నరకే వచ్చి వత్తి వెలిగించుకున్నాను. చిన్న మేడమ్ పదింటికి గానీ రాదు. కిటికీ మూసి ఉండటం వల్ల పొగ వృథాగా పోవడం లేదు. ఇంట్లో ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా దణ్ణం పెట్టుకోలేదు.

ఆగస్టు 7

పూత వెయ్యని వాటిలో పదకొండు హస్తాలు రెండులోకి వచ్చాయి. మూడో రోజుకే. ఎండలు అలా ఉన్నాయి.

చిన్న మేడమ్‌కి ఎప్పుడూ జలుబే. అయినా ఇవాళ గదిలోకి రాగానే "మీరొస్తే దేవుడి గది వాసన వస్తుంది ఆంటీ, హాయిగా ఉంటుంది" అంది. ఇంట్లో ఒకావిడ ఇదే వాసనకి నాకు దేశబహిష్కారం విధించింది. మనిషి మనిషికీ ముక్కు మారుతుంది.

కాయలు తూకం వేస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. గెల దించగానే పెద్ద బానలో హస్తాలు పేర్చి, అడుగున చిన్న మూకుట్లో పొగ పెట్టి, మూత వేసి మట్టి మెత్తేది. రెండు రోజులకి తీస్తే బంగారం. ఆ రోజుల్లో కాయని పండించడానికి తంటాలు పడేవాళ్ళం. ఇప్పుడు కాయ పండకుండా ఆపడానికి డిగ్రీలు చదువుతున్నారు. కాలం ఎంత ముందుకు పోయిందో.

ఆగస్టు 9

అన్నీ నాలుగు. పూత వేసినవి కూడా. అవి ఒక్క రోజు ఆలస్యంగా వచ్చాయి, అంతే.

చిన్న మేడమ్ ట్రేల ముందు స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం.

పాపం అనిపించింది. రేపటి నుంచి ఆ పిల్ల పేరున ఇంకో వత్తి.

ఆగస్టు 10

ఆరు. రెండు వత్తులు.

ఆగస్టు 12

ట్రేలన్నీ పారబోశాం. పారబోశాం అంటే స్టాఫంతా తలో నాలుగు హస్తాలు ఇంటికి పట్టుకెళ్ళాం. తియ్యగా ఉన్నాయి. చిన్న మేడమ్ మాత్రం ఒక్కటీ తీసుకోలేదు.

పెద్ద సారు అందరి ముందూ "నీ పూత పళ్ళకి పట్టలేదేమో గానీ అమ్మాయ్, నీ మీద నాకున్న నమ్మకానికి బాగా పట్టింది, కదలకుండా అక్కడే ఉంది" అన్నారు. అర్థం కాకపోయినా నవ్వారు కొందరు. నేను నవ్వలేదు. కావాలంటే నా జీతంలో కోసుకోవచ్చు.

సాయంత్రం ఇంటికి రాగానే కోడలు "అత్తయ్యా, మీ చీరంతా అగరువత్తి వాసన. ఎక్కడ వెలిగిస్తున్నారు?" అని అడిగింది. పోలీసు ఉద్యోగం చెయ్యాల్సిన పిల్ల.

"ఆఫీసులో అమ్మా. అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు."

నేను అబద్ధం ఆడను. ఆడలేదు కూడా.

ఆగస్టు 17

రెండో విడత. ఈసారి వేరే తోట కాయలు. ముదిరినవి కోశారేమో మొన్న, అదే అయ్యుంటుంది. రైతులకి ఏం తెలుసు, కోసి పడేస్తారు. పోయినసారి వచ్చిన వ్యాను కూడా ఎండలో గంటసేపు ఆగిందట. అది కూడా అయ్యుంటుంది.

మూడు వత్తులు. మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకున్నాను. స్వామీ, ఈసారైనా ఆ పిల్ల కాయలు నిలబెట్టు.

ఆగస్టు 21

నాలుగో రోజు. ఐదు.

ఇంత శ్రద్ధగా మొక్కుకుంటే మొదటి విడత కన్నా ముందే పండిపోయాయి. దేవుడు నా మాట సగమే విన్నట్టున్నాడు. కాయలు అన్న మాట ఒక్కటే వినిపించి ఉంటుంది.

ఆగస్టు 22

ఇవాళ పెద్ద సారు విచారణ పెట్టారు. ఆరో నంబరు గది బయట చెత్తబుట్టలో బొప్పాయి తొక్కలు దొరికాయి. ముగ్గిన పండు పక్కనుంటే దాని గాలి తగిలి కాయలు కూడా పండిపోతాయి. ఇది మా దగ్గర అటెండర్‌కి కూడా తెలుసు. అంటే నాకు.

"ఈ గదిలోకి ఎవరెవరు వెళ్తారు?" అని అడిగారు.

"నేను వెళ్తాను సార్" అన్నాను. ఆయన ఇంకా చూస్తున్నారు. "వాచ్‌మన్ కూడా ఒకరోజు వచ్చాడు."

అది నిజమే. ఎండగా ఉందని పది నిమిషాలు కూర్చున్నాడు. చేతిలో బొప్పాయి ముక్కల డబ్బా ఉంది. అదీ నిజమే. నేను అబద్ధం ఆడను.

వాచ్‌మన్‌ని వెనక గేటుకి మార్చారు. అక్కడ నీడ లేదు, కుర్చీ లేదు, మాట్లాడటానికి కుక్క కూడా లేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"అక్కా, నువ్వు చూశావు కదా. మూత తీసి తిన్నాను, మూసుకుని పోయాను. ఒక్క పూట. దానికే అరవై హస్తాలు పండిపోతాయా?"

"నేనేం అన్నాను తమ్ముడూ? అడిగినదానికి చెప్పాను."

"నువ్వేం అనవులే అక్కా. నీకు నోరెక్కడిది" అన్నాడు. ఆ మాట మంచిగానే అన్నాడు.

ఆగస్టు 23

సెలవు పెట్టాను. తలనొప్పి.

ఆగస్టు 24

ఇవాళ కూడా సెలవే. బాబు దగ్గు పూర్తిగా తగ్గింది. కోడలు వాడి వీపు మీద చెవి పెట్టి విని, నన్ను కూడా వినమంది. "చూశారా అత్తయ్యా, పొగ ఆపేశాక గరగర పోయింది" అంది. గెలిచిన మొహం పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. వట్టి సంతోషమే. అది చూసి నాకు ఇంకా చికాకు వేసింది.

పొగ. పొగ. ఈ ఇంట్లో వేరే మాటే లేదు.

ఆగస్టు 27

ఇవాళ నేనే ఒక ప్రయోగం చేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. హైస్కూలు చదువుకి ఇదేం రోగం అని ఎవరైనా అంటారు.

మూడో విడత కోసం నమూనాగా వచ్చిన కాయల్లో నాలుగు మిగిలాయి. రెండు కాయలు పాత స్టీలు డబ్బాలో పెట్టి, చిన్న వత్తి ముక్క వెలిగించి, మూత వేశాను. ఇంకో రెండు అలాంటి డబ్బాలోనే, వత్తి లేకుండా. రెండు డబ్బాలూ స్టోరు బీరువాలో, చీపుళ్ళ వెనక.

ఆరో నంబరు గదిలో మాత్రం ఇవాళ వత్తి వెలిగించలేదు. ఊరికే. అగ్గిపెట్టె మర్చిపోయాను.

ఆగస్టు 28

అగ్గిపెట్టె మళ్ళీ మర్చిపోయాను.

డబ్బాలో మళ్ళీ చిన్న ముక్క వెలిగించాను. ఆ అగ్గిపుల్ల ఎక్కడిదో అడక్కండి.

ఆగస్టు 30

పొగ పెట్టిన కాయలు: రంగు ఐదు.
పొగ పెట్టనివి: రంగు ఒకటి.
రిమార్కులు:

ఆగస్టు 31

ఆ గడి ఖాళీగానే ఉంది. నాలుగుసార్లు తెరిచి చూశాను.

మా అమ్మ బానకి మట్టి మెత్తుతుంటే పక్కన కూర్చుని మూకుడు అందించింది ఎవరు? నేనే. ఏడో తారీఖున ఈ పుస్తకంలోనే రాశాను కూడా, ఎంత చక్కగా రాశానో. చదివితే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. రాసినదానికే అర్థం కాలేదు. అర్థం కాలేదా, కానివ్వలేదా అని అడగడానికి పక్కన ఎవరూ లేరు, దేవుడు తప్ప. ఆయన కిటికీ గట్టు మీద కూర్చుని మొదటి రోజు నుంచీ అంతా చూశాడు. ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకి కూడా నోట్లో నాలుక లేదు.

నేను ఆ పిల్ల కోసం ఒక వత్తి వెలిగించాను. అది ఏడవకపోతే రెండు. రెండో విడతకి మూడు. ఇంకా నాలుగు నెలలు ఇలాగే భక్తిగా ఉండి ఉంటే, ఈ కేంద్రంలో ఉన్న ప్రతి శాస్త్రవేత్తనీ ఇంటికి పంపించేసేదాన్ని.

ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది నాకు. చెప్తే ఏం చేస్తారో తెలియదు. చెప్పకపోతే ఏం జరుగుతుందో తెలుసు. వాచ్‌మన్ ఇవాళ తలకి తడిగుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

సెప్టెంబరు 1

చెప్పేశాను.

పదింటికి చిన్న మేడమ్ రాగానే రెండు డబ్బాలూ ఆమె టేబుల్ మీద పెట్టి మూతలు తీశాను. మాటలతో మొదలుపెడితే మధ్యలో ఆగిపోతానని నాకు తెలుసు.

"ఏంటివి ఆంటీ?"

"ఇది పొగ పెట్టింది. ఇది పెట్టనిది. ఆరో నంబరు గదిలో నేను రోజూ అగరువత్తి వెలిగించాను మేడమ్. కిటికీ మూసి."

ఆమె ముందు నవ్వింది. తర్వాత నవ్వు దానంతట అది ఆగిపోయింది.

"రోజూనా?"

"రోజూ."

"రెండు విడతలా?"

"రెండో విడతకి మూడేసి."

"ఎందుకు ఆంటీ?"

"మీ కాయలు నిలవుండాలని."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. నా వైపు వీపు పెట్టి, "నా నెల రోజులు పోయాయి" అంది. "రాత్రుళ్ళు నిద్ర లేదు నాకు. పూతలో తప్పుందని మొత్తం మళ్ళీ మొదటి నుంచీ లెక్క చూసుకున్నాను. అమ్మకి ఫోన్ చేసి నేను దీనికి పనికిరానని చెప్పాను. మీరు పక్కనే ఉన్నారు. రోజూ టీ ఇచ్చారు."

ఇచ్చాను. పంచదార తక్కువగా, ఆమెకి ఇష్టమైనట్టు.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. కాసేపటికి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ చేతిలో అప్పటికే పెన్ను ఉంది.

"ఏ రోజు ఎన్ని వత్తులు? గుర్తున్నాయా?"

"ఉన్నాయి."

"అన్నీనా?"

"రాసుకున్నాను."

"ఆ పుస్తకం ఇవ్వండి."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆఫీసులో ఒక మాట గట్టిగా అన్నాను. "ఇవ్వను" అన్నాను. ఆవిడే కాదు, నేను కూడా ఉలిక్కిపడ్డాను. "తేదీలు వేరే కాగితం మీద రాసిస్తాను మేడమ్. దాంట్లో వేరేవి కూడా ఉన్నాయి."

రాసిచ్చాను. తేదీ, టైము, వత్తులు, కిటికీ. ఆమె ఆ కాగితం పక్కన రంగుల రిజిస్టరు పెట్టుకుని ఒక్కో వరుసా వేలితో జరుపుతూ చదివింది. రెండూ అతికినట్టు సరిపోయాయి. "అయితే పూత తప్పు కాదు" అంది, తనలో తనే. మళ్ళీ అంది. మూడోసారి అన్నప్పుడు ఏడ్చింది.

అక్కడి నుంచి పెద్ద సారు గదికి నేనొక్కదాన్నే వెళ్ళాను. "బొప్పాయి కాదు సార్, నేను" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక మెమో ఇవ్వడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెమోలో "అనధికార ధూమం" అని రాశారు. దేవుడి విషయంలో ఇంత చక్కటి తెలుగు నేనెప్పుడూ చదవలేదు. ఆరో నంబరు గది తాళం తీసేసుకున్నారు.

వాచ్‌మన్‌ని సాయంత్రానికల్లా మళ్ళీ ముందు గేటుకి మార్చారు. నేనే వెళ్ళి అంతా చెప్పాను. విని, తలకి కట్టిన తడిగుడ్డ విప్పి పిండుకున్నాడు.

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదక్కా."

"ఆ రోజు నాకు తెలియదు తమ్ముడూ" అన్నాను.

నేను అబద్ధం ఆడను అని ఈ పుస్తకంలో రెండుసార్లు రాశాను. ఇవాళ్టి నుంచి ఆ వాక్యం రాయను.

సెప్టెంబరు 2

మూడో విడత మొదలు. ఇవాళ్టి నుంచి కమిటీ వచ్చే రోజుకి సరిగ్గా ఇరవై రోజులు. ఒక్క రోజు కూడా మిగులు లేదు. ఆరో నంబరు గది కడిగి, ఆరబెట్టి, నిన్నటి నుంచీ కిటికీలు తీసి ఉంచారు.

పటం మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. నా మంచం పక్కన ట్రంకుపెట్టె మీద పెట్టాను. వత్తి లేదు. చేతులు జోడించి కూర్చున్నాను. కట్టయిన ఫోన్లాగే ఉంది. అయినా మాట్లాడాను.

సెప్టెంబరు 11

పూత వెయ్యనివి పండిపోయాయట. పూత వేసినవి అన్నీ ఇంకా ఒకటో రంగులోనే ఉన్నాయట. నన్ను గదిలోకి రానివ్వరు కదా, చిన్న మేడమ్ గుమ్మంలో నిలబడి వేలు చూపించింది. ఒక వేలు. ముఖం మామూలుగానే పెట్టింది.

నాతో ఇంకా మాట్లాడదు. టీ మాత్రం తీసుకుంటుంది.

సెప్టెంబరు 16

ఒక వేలు.

సెప్టెంబరు 19

ఇవాళ వేలు చూపించలేదు. సెలవు పెట్టిందని మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. అప్పటిదాకా నా ప్రాణం ఎక్కడుందో నాకే తెలియదు. ఒక వత్తి వెలిగిస్తే మనసు కుదుటపడేది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

సెప్టెంబరు 22

ముప్ఫై హస్తాల్లో ఇరవై ఆరు ఆకుపచ్చగా ఉన్నాయి. ఇరవయ్యో రోజు. కమిటీ పెద్దాయన ఒక కాయ చేత్తో నొక్కి చూసి, ఇంకోటి నొక్కి, మూడోది జేబులో వేసుకున్నారు. దాన్ని మించిన సర్టిఫికెట్ ఉండదు.

ఏడాది పొడిగించారు. పెద్ద సారు అందరికీ చెయ్యి కలుపుతూ "నాకు మొదటి నుంచీ నమ్మకమే" అన్నారు. మేమంతా నవ్వాం. ఈసారి నేను కూడా, నిబంధన ప్రకారం.

సాయంత్రం చిన్న మేడమ్ నా స్టూలు పక్కన వచ్చి కూర్చుంది. మొదటి విడత పళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది.

"ఏ పళ్ళు మేడమ్?"

"మీరంతా ఇళ్ళకి పట్టుకెళ్ళారు కదా."

"తియ్యగా ఉన్నాయి" అన్నాను. అప్పుడు నవ్వింది. క్షమించిందో లేదో తెలియదు. నేను అడగలేదు.

సెప్టెంబరు 26

ఇది మాత్రం దేవుడు నవ్వుకోవడానికే జరిపించి ఉంటాడు.

పెద్ద సారు కొత్త ప్రాజెక్టు రాశారు. పొగ వల్ల అరటికాయ ఎంత త్వరగా పండుతుంది, ఎంత పొగకి ఎంత రంగు. నా కాగితం చివర జతచేశారు. నా పేరు లేదు, "స్థానిక పరిశీలన" అని ఉంది. ఇప్పుడు నాలుగో నంబరు గదిలో రోజూ ఉదయం ఎనిమిది నలభైకి తలుపు మూసి రెండు వత్తులు వెలిగించాలట. దానికి అనుభవం ఉన్న మనిషి కావాలి. తాళం నాకిచ్చారు. వత్తులు స్టోరు నుంచి సంతకం పెట్టి తీసుకోవాలి.

ఇవాళ వెలిగించాను. వెలిగించి, దణ్ణం పెట్టకుండా బయటికి వచ్చేశాను. ఆ పొగ ఆఫీసుది. మా ఇద్దరి మధ్య దానికి పనేం లేదు.

దణ్ణం పొద్దున్నే ఇంట్లో ట్రంకుపెట్టె దగ్గరే అయిపోతోంది. ఈమధ్య పటం ముందు రోజూ ఒక పువ్వు ఉంటోంది. నేను పెట్టడం లేదు. బాబుకి అందదు. మా అబ్బాయికి టెండరు ప్రకటనలతోనే సరిపోతుంది.

రిజిస్టరులో ఇదే ఆఖరి పేజీ. దీన్ని ట్రంకుపెట్టె అడుగున పెడుతున్నాను. ఎప్పటికైనా ఇది నీకే దొరుకుతుంది కోడలా, ఈ ఇంట్లో మూలమూలలా దుమ్ము దులిపేది నువ్వొక్కదానివే. పారెయ్యకు, ఇందులో తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎవరికీ చూపించకు, మిగతావి అంత సరిగ్గా లేవు. జామకాయల పేజీలతో సహా ఉన్నదున్నట్టు మళ్ళీ అడుగునే పెట్టెయ్యి.

నీ గురించి రాసినవి చదివే ఉంటావు. ఏమీ అనుకోకమ్మా. "సరే అత్తయ్యా" అను, చాలు.